మా రోజుల్లో బొమ్మే చెప్పేది

కేబుల్ బొమ్మ ఆగి ఆగి వస్తోందని ఇవాళ ఫోన్ చేస్తే, వచ్చిన కుర్రాడు చేసే మొదటి పని బాక్స్ స్విచ్చి కట్టేసి మళ్ళీ వేయడం. బొమ్మ వస్తుంది. "అయిపోయిందండీ" అని వెళ్ళిపోతాడు. సాయంత్రానికి మళ్ళీ తెర గళ్ళు గళ్ళుగా విడిపోయి, వార్తలు చదివే అమ్మాయి నోరు ఒక చోట, కళ్ళు ఒక చోట పడి ఆగిపోతుంది. రెండోసారి వచ్చి "వానండీ" అంటాడు. మూడోసారి "బాక్స్ పోయిందండీ, కొత్తది తీసుకోవాలి" అంటాడు. ఇన్నిసార్లు వచ్చినవాడు ఆ బాక్సులోనే ఉన్న సిగ్నల్ పేజీని ఒక్కసారి తెరిచి చదవడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మేము బందరులో కేబుల్ లైన్లు లాగిన తరం వాళ్ళం. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్‌ఎన్‌లో చూడటానికి పెద్ద ఊళ్ళ హోటళ్ళు డిష్‌లు పెట్టుకున్నాయి. తర్వాత స్టార్ వచ్చింది, 1992 అక్టోబరులో జీ వచ్చింది. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాక గానీ మా వైపు ఇంటింటికీ వైరు పాకలేదు. కోనేరు సెంటర్ నుంచి చిలకలపూడి దాకా, ఈడేపల్లి సందుల్లోకి, ఏ స్తంభం మీద ఇళ్ళకి సిగ్నల్ పంచే ట్యాప్ ఏది ఉందో, దాని తర్వాత ఎన్ని ఇళ్ళున్నాయో చీకట్లో అడిగినా చెప్పేవాళ్ళం.

ఆ రోజుల్లో గడప దాటి లోపలికి అడుగు పెట్టగానే సగం పని అయిపోయేది. బొమ్మ చూస్తే చాలు. తెర నిండా చీమలు పాకుతున్నట్టుంటే లెవెల్ తక్కువ. అన్ని చానళ్ళలో చీమలుంటే లైను మొత్తం నీరసంగా ఉంది. పై చానళ్ళలోనే ఉంటే వైరు పొడవెక్కువైంది, లేదా వైరులోకి నీళ్ళు చేరాయి. అడ్డంగా ఒక మందపాటి పట్టీ మెల్లగా పైకి పాకుతుంటే కరెంటు తాలూకు 50 సైకిళ్ళ రొద ఎక్కడో చొరబడింది. పట్టీలు రెండుంటే అది 100 సైకిళ్ళ రొద, అంటే ఆంప్లిఫయరు పవర్ సప్లైలో కండెన్సర్ ఎండిపోయింది. మనిషి పక్కన కుడివైపు ఇంకో నీడ మనిషి నిలబడితే ఏదో పిన్ను సరిగా కూర్చోలేదు, లేదా ఖాళీ ట్యాపుకి టెర్మినేషన్ పెట్టలేదు, సిగ్నల్ వెనక్కి కొట్టుకొని ఆలస్యంగా వస్తోంది. ఆ నీడ ఎడమవైపు పడితే లెక్క వేరు. గాలిలో వచ్చే దూరదర్శన్ సిగ్నల్ మన వైరు కన్నా ముందే టీవీలో దూరుతోందని అర్థం. ఏటవాలు గీతలు కొడుతుంటే ఎవడో లెవెల్ అతిగా పెంచాడు, చానల్ మీద చానల్ పడి ఒరుసుకుంటోంది.

ఇవన్నీ ఇంటి ఇల్లాళ్ళకి కూడా తెలుసు. "చీమలొస్తున్నాయి బాబూ" అన్నారంటే ఒక సంగతి, "నీడొస్తోంది" అంటే ఇంకో సంగతి. ఫోనులో ఆ ఒక్క మాట వినే నిచ్చెన పట్టుకెళ్ళాలా, పిన్నులూ ప్లయరూ చాలా అన్నది తేల్చుకునేవాళ్ళం.

అలాగని కంటిని నమ్ముకొని కూర్చోలేదు. డీబీ మీటరు ఉండేది. అప్పట్లో అది చిన్న ఖరీదు కాదు, తోలు సంచీలో పెట్టి పసిపిల్లాడిని మోసినట్టు మోసేవాళ్ళం. ఇంటి దగ్గర 65 నుంచి 70 డీబీ మైక్రోవోల్టుల మధ్య పడాలి. ఆంప్లిఫయరు అవుట్‌పుట్‌లో ఒక కింది చానల్, ఒక పై చానల్ కొలిచి, రెంటికీ మధ్య ఎంత వాలు పెట్టామో రిజిస్టర్‌లో రాసేవాళ్ళం. వాలు ఎందుకంటే వైరు అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఒకేలా తినదు. ఆర్‌జీ 6 వైరు వంద మీటర్లు లాగితే కింద 50 మెగాహెర్ట్జ్ దగ్గర అయిదారు డీబీ పోతే, పైన 860 దగ్గర దాదాపు 20 పోతుంది. రెండు దారుల స్ప్లిట్టర్ పెడితే మూడున్నర నుంచి నాలుగు, నాలుగు దారులదైతే ఏడెనిమిది. ఈ కూడికలూ తీసివేతలూ స్తంభం మీదే నోటితో వేసేవాళ్ళం. ఆ రిజిస్టర్‌లో స్తంభానికో పేజీ. పోయిన వేసవిలో ఎంత ఉంది, వానాకాలంలో ఎంత పడింది, పిన్ను మార్చాక ఎంత లేచింది, అన్నీ దాన్లో ఉండేవి. ఇవాళ ఏ ఆఫీసులోనైనా అలాంటి రిజిస్టర్ చూపించమనండి.

తర్వాత డిజిటల్ వచ్చింది. హైదరాబాద్, విశాఖలకి 2013 మార్చి 31 గడువు, మాలాంటి పట్టణాలకి 2015 డిసెంబరు 31. గడువులు సాగాయి, కోర్టులకీ వెళ్ళారు, చివరికి ఇంటింటికీ బాక్స్ చేరింది. డిజిటల్ వద్దని నేనెప్పుడూ అనలేదు. బొమ్మ స్వచ్ఛంగా ఉంటుంది, ఒక్క అనలాగ్ చానల్ పట్టే 8 మెగాహెర్ట్జ్ జాగాలో బోలెడు చానళ్ళు పడతాయి. కానీ దాంతోపాటు ఒకటి జరిగింది. బొమ్మ తన జబ్బు తాను చెప్పుకోవడం మానేసింది.

ఎలాగంటే, డిజిటల్ కేబుల్లో సమాచారం 188 బైట్ల పొట్లాలుగా వస్తుంది. పంపేటప్పుడే ఒక్కో పొట్లానికి ఇంకో 16 బైట్లు జోడించి 204 చేస్తారు. దారిలో ఎనిమిది బైట్ల దాకా చెడిపోయినా, ఆ జోడించిన వాటి సాయంతో బాక్స్ అసలు విషయాన్ని సరిదిద్దుకుంటుంది. చూసేవాళ్ళకి తేడా తెలియదు. తొమ్మిదో బైటు చెడిందా, ఆ పొట్లం పోయినట్టే. అందువల్ల లైను మెల్లమెల్లగా పాడవుతున్నా బొమ్మ మాత్రం చివరి దాకా అద్దంలా ఉంటుంది. ఇంకో ఒకటి రెండు డీబీలు పడగానే ఒక్కసారిగా ఆగిపోతుంది. అనలాగ్‌లో ఆరు నెలల ముందు నుంచే చీమలు కనపడి హెచ్చరించేవి. ఇప్పుడా హెచ్చరిక తెర మీద లేదు, సిగ్నల్ పేజీలోని అంకెల్లో మాత్రమే ఉంది. కంటితో తెలిసే రోజుల్లో మేము అంకెలు రాశాం. అంకెలు తప్ప వేరే ఆధారం లేని ఈ రోజుల్లో వీళ్ళు అంకెలు చూడటం మానేశారు. నా గోడంతా ఇదే.

చూసేవాళ్ళయినా ఒక్క లెవెలే చూస్తారు. "58 ఉందండీ, సిగ్నల్ ఫుల్లు" అంటారు. లెవెల్ బాగున్నంత మాత్రాన ఏమీ తేలదు. దాని కిందే ఎంఈఆర్ అని ఇంకో అంకె ఉంటుంది. సంతలో ఎంత గట్టిగా అరిచామన్నది కాదు, చుట్టూ ఉన్న గోల మీద మన మాట ఎంత పైకి తేలిందన్నది లెక్క. ఆ లెక్క చెప్పేది ఎంఈఆర్. 64 క్వామ్ అనే పద్ధతిలో పంపే సిగ్నల్‌కి అది 24 దగ్గరికి వచ్చిందంటే బొమ్మ పోతుంది. 256 క్వామ్‌కి 30 దగ్గరే పోతుంది. ఎండకీ వానకీ కాస్త వెసులుబాటు ఉండాలి కాబట్టి ఇంట్లో మొదటిదానికి 28, రెండోదానికి 34 పైన ఉంటే గానీ నేను ఒప్పుకోను. ఎక్కువ చానళ్ళు పట్టించాలని చాలాచోట్ల 64 నుంచి 256కి మారారు. 38 మెగాబిట్లు పట్టే జాగాలో 50 పడతాయి, నిజమే. కానీ అందుకు లైను 6 డీబీ శుభ్రంగా ఉండాలి. లైను ముట్టుకోకుండా కంట్రోల్ రూములో కూర్చుని మీట మార్చారు. ఆ మర్నాటి నుంచి చివరి స్తంభం ఇళ్ళకి కష్టాలు మొదలయ్యాయి. పాపం, ఆ ఇళ్ళవాళ్ళు తమ టీవీయే పాతబడిందనుకున్నారు.

లెవెల్ బాగుండి ఎంఈఆర్ పడిపోతే దారిలో ఎక్కడో గోల కలుస్తోంది, లేదా ఆంప్లిఫయరుని దాని తాహతుకి మించి తోస్తున్నారు. లెవెల్ తక్కువైనా ఎంఈఆర్ బాగుంటే ఉత్త నష్టమే, స్ప్లిట్టర్‌నో వైరునో చూసుకుంటే సరిపోతుంది. ఈ తేడా తెలియక, లెవెల్ తక్కువ అనగానే టీవీ వెనక ఓ చిన్న బూస్టర్ బిగిస్తారు. అది సిగ్నల్‌తోపాటు గోలనీ అంతే పెంచుతుంది, పైగా తన గోల కొంత కలుపుతుంది. లెవెల్ 45 నుంచి 65కి లేస్తుంది, ఎంఈఆర్ ఉన్నచోటే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా దిగుతుంది. ఇంటాయన డబ్బు ఇచ్చి, ఆగే బొమ్మనే చూస్తూ కూర్చుంటాడు.

ఆ తర్వాత బీఈఆర్. సరిదిద్దక ముందు ఎన్ని తప్పులు, సరిదిద్దాక ఎన్ని మిగిలాయి అన్న లెక్క. పదివేల బిట్లకి రెండు తప్పుల దాకా బాక్స్ దిద్దుకుంటుంది, బొమ్మకి మచ్చ పడదు. దిద్దాక మాత్రం మిగిలేది సున్నా కావాలి. దిద్దకముందు తప్పులు నెల నెలా పెరుగుతుంటే, బొమ్మ ఎంత బాగున్నా ఆ ఇంటికి వెళ్ళి పిన్ను చూడాల్సిందే. కొన్ని బాక్సులు దిద్దలేకపోయిన పొట్లాలని ఆన్ చేసినప్పటి నుంచి లెక్కపెడుతూ ఉంటాయి. అది ఎంత విలువైన సాక్ష్యం! రాత్రంతా ఇంట్లో ఎవరూ టీవీ ముందు లేకపోయినా అది లెక్క రాసిపెట్టి ఉంచుతుంది. మన కుర్రాడు వస్తూనే స్విచ్చి కట్టేసి ఆ లెక్కంతా సున్నా చేస్తాడు.

శాతాల సంగతి కూడా చెప్పాలి. చాలా బాక్సుల్లో డీబీలు కనపడవు, "స్ట్రెంగ్త్ 80, క్వాలిటీ 70" అని రెండు పట్టీలుంటాయి. 80 అంటే దేంట్లో 80? ఏ కంపెనీ బాక్సుకి ఆ కంపెనీ కొలత. ఒక బాక్సులో 60 అంటే భేషుగ్గా ఉన్నట్టు, ఇంకోదాన్లో 60 అంటే ప్రాణం మీదికి వచ్చినట్టు. ఆ పట్టీ చూసి ఈ ఇంటినీ పక్కింటినీ పోల్చి మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. అదే ఇంట్లో అదే బాక్సులో నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చడానికైతే పనికొస్తుంది, అంతకు మించి కాదు.

ఒక్క ఫ్రీక్వెన్సీ చూసి పేజీ మూసేయడం ఇంకో దురలవాటు. కిందిది, మధ్యది, పైది, కనీసం మూడు చూడాలి. పైవి మాత్రమే పడితే వైరు పొడవో, నీళ్ళో. మధ్యలో ఒకటి రెండే చెడి అటూ ఇటూ బాగుంటే బయటి సిగ్నల్ దూరుతోంది. 700 బ్యాండులో పనిచేసే సెల్ టవర్లు 758 నుంచి 803 మెగాహెర్ట్జ్ దాకా పంపుతాయి, మన కేబుల్ కూడా ఆ జాగాలోనే నడుస్తుంది. వైరు పైపొర చిరిగిన చోట, పిన్ను వదులైన చోట టవరు సిగ్నల్ లోపలికి వచ్చేస్తుంది. ఇక అన్నీ బాగుండి, ఎంఈఆర్ 36 ఉండి, దిద్దాక తప్పులు సున్నా అయి ఉండి కూడా బొమ్మ ఆగుతుంటే? ఆ ఇంటి జోలికే వెళ్ళకూడదు. తప్పు కంట్రోల్ రూములో ఉంది. మార్చిలోనూ, సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి డిష్‌ని కొన్ని నిమిషాలు ముంచేస్తాడు. అప్పుడు డిష్ దగ్గరే సమాచారం చెడిపోతుంది. చెడినదాన్ని కంట్రోల్ రూము కొత్తగా, శుభ్రంగా క్వామ్ చేసి పంపుతుంది. ఇంట్లో బాక్సుకి సిగ్నల్‌లో ఏ లోపమూ కనపడదు, బొమ్మ మాత్రం ఉండదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎన్ని బాక్సులు అనవసరంగా మార్చకుండా ఉండేవారో.

చిలకలపూడిలో మా బంధువులింట్లో జరిగింది చెబుతాను. రోజూ మిట్టమధ్యాహ్నం సీరియల్ వేళకి కొన్ని చానళ్ళు ఆగిపోయేవి. కుర్రాళ్ళు పని తెముల్చుకొని రాత్రి ఎనిమిదింటికి వచ్చేవాళ్ళు, అప్పుడంతా బాగుండేది. బాక్స్ మార్చారు, అడాప్టర్ మార్చారు, ఆ ఇంటావిడ డబ్బు కట్టింది. నేను మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళి పేజీ తెరిచాను. 700 దగ్గర లెవెల్ 56, ఎంఈఆర్ 35. 150 దగ్గర లెవెల్ 38, ఎంఈఆర్ 28. కింది ఫ్రీక్వెన్సీ పడి పైది నిలబడటం వైరు నష్టం కాదు, వైరు ఎప్పుడూ పైదాన్నే ముందు తింటుంది. మధ్య తీగ ఎక్కడో తెగి, వెంట్రుకవాసి సందు ఏర్పడితేనే ఇలా అవుతుంది. ఆ సందుని పై ఫ్రీక్వెన్సీలు దాటేస్తాయి, కిందివి దాటలేవు. ఎదురు స్తంభం మీద ట్యాప్ మూత విప్పించాను. మధ్య పిన్ను దగ్గర సోల్డరు చుట్టూ సన్నటి నల్లటి గీత, గోరుతో తాకితే పిన్ను కదులుతోంది. ఎండకి డబ్బా వేడెక్కితే ఆ పగులు విచ్చుకునేది, పొద్దుగూకి చల్లబడితే అతుక్కునేది. మా ఊరిది సముద్రపు గాలి. ఆ ఉప్పుకి రాగి తీగ మీద పచ్చటి తుప్పు, అల్యూమినియం అల్లిక మీద తెల్లటి బూజులాంటి పొడి తేరి ఉన్నాయి. ట్యాప్ మార్చి, కొత్త పిన్నులేసి, పైన టేపు చుట్టారు. కింది చానళ్ళు 57కి లేచాయి. రాత్రి కొలిస్తే ఆ జబ్బు ఈ జన్మకి దొరికేది కాదు. అందుకే అంకె పక్కన వేళ కూడా రాయాలంటాను.

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఓసారి వాళ్ళ కేబుల్ మోడెం పేజీ ఫోటో తీసి పంపాడు. "మావయ్యా, మైనస్ 9 అని ఉంది, పాడైపోయిందా?" అని కంగారు. అక్కడ కొలిచేది డీబీ మిల్లీవోల్టులో. దానికి 60 కలిపితే మన మైక్రోవోల్టు లెక్క వస్తుంది, అంటే 51. ఏ భయమూ లేదు. కిందికి చూడమన్నాను. అన్ని ఫ్రీక్వెన్సీలకీ దిద్దలేని తప్పులు సున్నా, రెండింటికి మాత్రం లక్షల్లో ఉన్నాయి. ఆ రెండూ 617 నుంచి 652 లోపువే, అక్కడ అది సెల్ టవర్లు పంపే బ్యాండు. గోడ దగ్గర పిన్నుకి మర చివరి దాకా బిగించి లేదు, బిగించమన్నాను. దాదాపు తొమ్మిదివేల మైళ్ళ అవతల ఉన్న లోపాన్ని బందరులో కూర్చుని చెప్పగలిగానంటే అందులో నా గొప్ప లేదు, ఆ పేజీలో అన్నీ రాసి ఉన్నాయి. అక్కడి నెట్‌వర్కులు రెండు వైపులా మాట్లాడతాయి కాబట్టి ఇదే పేజీ కంపెనీ ఆఫీసుకీ కనపడుతుంది. మన ఊళ్ళలో బాక్సులు చాలావరకు వినడమే తప్ప తిరిగి మాట్లాడలేవు. ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళి, రిమోట్ పట్టుకొని, మెనూలోకి వెళ్ళి చదివితేనే ఆ అంకెలు బయటికి వస్తాయి. చదివే బాధ్యత మన దగ్గర ఇంకా ఎక్కువన్నమాట.

కుర్రాళ్ళనే తిట్టి లాభం లేదని నాకూ తెలుసు. వాళ్ళకి నేర్పించేవాడు లేడు. నెలకి ఎన్ని కంప్లయింట్లు మూశావన్నదే లెక్క, ఎన్ని నిజంగా తీర్చావన్నది కాదు. ఇప్పుడొచ్చే మీటర్లు ఎంఈఆర్, బీఈఆర్, అన్ని చానళ్ళ లెవెలూ ఒకే తెర మీద చూపిస్తాయి. మా రోజుల్లో అలాంటిది కలలో కూడా లేదు. ఆ కొత్త మీటరు ఆఫీసు బీరువాలో ఉంటుంది, కుర్రాడి చేతికి ప్లయరే ఇస్తారు. ఇంకొందరు మా పాత మీటరుతోనే కొత్త సిగ్నల్ కొలుస్తారు. ఆ మీటరు చానల్లో సన్నటి ముక్కనే చూస్తుంది, డిజిటల్ శక్తి 8 మెగాహెర్ట్జ్ అంతటా పరుచుకొని ఉంటుంది. అందుకని అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. తక్కువుందని ఆంప్లిఫయరు పెంచుతారు, అక్కడి నుంచి ఆ వీధి మొత్తం చెడుతుంది.

జనం డబ్బు కట్టడం లేదా? 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త టారిఫ్ వచ్చినప్పుడు, 100 చానళ్ళకి నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు కింద పన్నులు కాక 130 రూపాయల దాకా తీసుకోవచ్చన్నారు. చానళ్ళ ధర వేరు. అంటే ఆ 130 అచ్చంగా వైరుకి, ఆ వైరు మోసుకొచ్చే సిగ్నల్‌కి. ఇంటి దగ్గర ఆ వైరు ఎంత తెస్తోందో కొలిచి, ఆ కాగితం మీద తారీఖు, వేళ వేసి, ఇంటివాళ్ళ చేతిలో పెట్టడం ఎక్కువ అడిగినట్టా?

ఫైబర్ వచ్చేసింది కదా, ఇంకా ఈ డీబీల గొడవెందుకు మాస్టారూ అంటారు. గాజు తీగలోనూ డీబీలే. పైగా అక్కడ వెలుగు ఒక డీబీ తగ్గితే, ఇంట్లో బాక్సుకి వచ్చే సిగ్నల్ రెండు డీబీలు తగ్గుతుంది. కేబుల్ టీవీ 1550 నానోమీటర్ల వెలుగులో వస్తుంది, ఇంటర్నెట్ 1490లో. మీటరుని 1490 మీద పెట్టి కొలిచి "పవర్ బాగుందండీ" అనేవాళ్ళని చూశాను. నెట్ వస్తుంది, బొమ్మ రాదు, మళ్ళీ టీవీ మీద నేరం. గోడ మూలలో గాజు తీగని మడతపెట్టి మేకు కొడితే, ఆ వంపు దగ్గర 1490 కన్నా 1550 ఎక్కువ కారిపోతుంది. పెట్టె మీద ఎర్ర లైటు వెలగలేదు కాబట్టి అంతా బాగున్నట్టేనని కుర్రాడు సంతకం చేయించుకొని వెళ్ళిపోతాడు. ఆ లైటు వెలిగేది వెలుగు బాగా పడిపోయాకే. కనెక్షన్ ఇచ్చిన రోజు అక్కడ ఎంత ఉందో ఎవరూ రాసిపెట్టలేదు, అందుకని ఇవాళ ఎంత తగ్గిందో చెప్పగలవాడు లేడు.